కోర్‌మన్: నౌకాదళ వైద్య సహాయకుడి చరిత్ర

అమెరికా నౌకాదళంలో యుద్ధనౌకలపైనా, జలాంతర్గాముల్లోనూ, తీరంపై దిగి పోరాడే మెరైన్ దళాల వెంటా ఉండి, జబ్బుపడినవారికీ గాయపడినవారికీ మొట్టమొదటి చికిత్స చేసే వైద్య సహాయకుడిని కోర్‌మన్ అంటారు. ఉద్యోగం పూర్తి పేరు హాస్పిటల్ కార్ప్స్‌మన్. దళం అనే అర్థంలో ఫ్రెంచి నుంచి వచ్చిన ‘కార్ప్స్’ అనే మాటలో చివరి హల్లులు పలకవు కనుక నావికుల నోట అది కోర్‌మన్ అయింది. ఇతడు వైద్యపట్టా ఉన్నవాడు కాడు, అధికారి హోదా ఉన్నవాడూ కాడు. సాధారణ నావికుడిగా చేరి, కొన్ని నెలల శిక్షణ పొంది, ఇరవయ్యేళ్లు నిండకుండానే పోరు మధ్యకు వెళ్లేవాడు. అయినా మెరైన్ సైనికులు ఇతడిని పేరుపెట్టి పిలవరు, ‘డాక్’ అంటారు. ఆ పిలుపును కొత్తగా వచ్చినవాడు మొదటి రోజే ఆశించడానికి వీలులేదు, పని చూపించి సంపాదించుకోవాలి. గుండు తగిలిన మనిషికీ శస్త్రవైద్యుడి బల్లకూ నడుమ గడిచే నిమిషాల్లో ఆ మనిషి దక్కడమో దక్కకపోవడమో చాలావరకు తేలిపోతుందనీ, ఆ నిమిషాలు వైద్యుడి చేతిలో కాక సహాయకుడి చేతిలో ఉంటాయనీ నౌకాదళాలు గ్రహించడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. ఈ ఉద్యోగానికి కాలక్రమంలో మారుతూ వచ్చిన పేర్లలోనే ఆ గ్రహింపు ఎంత నెమ్మదిగా సాగిందో కనిపిస్తుంది.

తెరచాప ఓడల కాలం

పద్దెనిమిదో శతాబ్దపు నావికుడికి శత్రువు ఫిరంగి కన్నా జబ్బే పెద్ద గండం. 1756 నుంచి 1763 వరకు సాగిన సప్తవర్ష సంగ్రామంలో బ్రిటిష్ నౌకాదళం చేర్చుకున్న 1,84,899 మందిలో పోరాటంలో చనిపోయినవారు 1,512 మంది మాత్రమే కాగా, జబ్బులతో చనిపోయినవారూ కనిపించకుండా పోయినవారూ కలిసి 1,33,708 మందని ఆనాటి లెక్క. కనిపించకుండా పోయినవారిలో పారిపోయినవారే ఎక్కువని అనుకున్నా, ఈ రెండు అంకెల మధ్య వ్యత్యాసం నాటి ఓడల స్థితిని చెప్పకనే చెబుతుంది. నెలల తరబడి తాజా కూరలూ పండ్లూ లేక వచ్చే స్కర్వీ వ్యాధిలో చిగుళ్లు వాచి నెత్తురు కారేది, పళ్లు ఊడేవి, మానిన పాత గాయాలు మళ్లీ నోరు తెరిచేవి. 1747లో సాలిస్‌బరీ అనే యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూడగా, నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. అంత చవకైన విరుగుడు ఆ నౌకాదళం మొత్తానికీ నిత్య పంపిణీగా అందడానికి 1795 దాకా ఆగవలసి వచ్చింది.

యుద్ధ సమయంలో వైద్యుడి స్థానం ఓడ అడుగున, నీటిమట్టానికి దిగువన, గుళ్లు సులువుగా చేరలేని చోట ఉండేది. తల వంచుకుంటే తప్ప నిలబడలేని ఆ చీకటి అరలో లాంతర్ల వెలుగులో, నావికుల పెట్టెలను జతచేసి తయారుచేసిన బల్లపై కోతలు జరిగేవి. ఫిరంగి గుండు నేరుగా తగిలి పడినవారి కన్నా, అది చీల్చిన ఓడ గోడల చెక్క పేళ్లు ఒంట్లో దిగి పడినవారే ఎక్కువ. మత్తుమందు ఇంకా రాని కాలం కావడంతో, తెగ్గొట్టే కాలిని కదలకుండా పట్టుకునే మనిషి రంపం పట్టిన మనిషి అంత అవసరమైనవాడు. అలాంటి చేయి లేకపోతే ఏమవుతుందో 1797 అక్టోబర్ 11న డచ్చి నౌకాదళంతో కాంపర్‌డౌన్ వద్ద జరిగిన యుద్ధం చూపింది. బ్రిటిష్ యుద్ధనౌక ఆర్డెంట్‌లో వైద్యుడు రాబర్ట్ యంగ్‌కు అంతకు ముందు కొన్ని నెలల నుంచీ సహాయక వైద్యులు లేరు. ఆ రోజు సుమారు 90 మంది క్షతగాత్రులను అతడొక్కడే చూడవలసి వచ్చింది. ఒకరి నెత్తురు కట్టేలోపు మరొకరి నెత్తురు పోతూ ఉండిన ఆ పరిస్థితిని అతడు రాసిపెట్టిన వివరణ నౌకా వైద్య చరిత్రకారులు తరచు ఉదాహరించేది.

సహాయక వైద్యులకు కూడా దిగువన, చదువూ హోదా రెండూ లేని ఒక కుర్రవాడు ఉండేవాడు. రోగులకు పెట్టే చిక్కని జావను ఇంగ్లీషు నావికులు లాబ్‌లాలీ అనేవారు. ఆ జావ గిన్నె మోసేవాడు కాబట్టి అతడు లాబ్‌లాలీ బాయ్, అంటే జావకుర్రాడు అయ్యాడు. అమెరికా నౌకాదళం పద్దెనిమిదో శతాబ్దం చివర తన ఓడలను సిద్ధం చేసుకున్నప్పుడు ఈ పేరునూ ఈ పనినీ బ్రిటిష్ వారి నుంచి యథాతథంగా తీసుకుంది. పొద్దున్నే గంట వాయించి రోగులను పిలవడం, జావ పెట్టడం, పాత్రలు కడగడం రోజువారీ పనులు. యుద్ధం మొదలయ్యే ముందు మాత్రం వైద్యుడి బల్ల చుట్టూ ఇసుక చల్లడం, కోసిన అవయవాలు వేయడానికి తొట్లు పెట్టడం, గాయాన్ని కాల్చి నెత్తురు ఆపడానికి తారు వేడిచేసి ఉంచడం అతడి వంతు. ఇసుక దేనికంటే, నెత్తుటితో తడిసిన చెక్కపై వైద్యుడి కాలు జారకుండా ఉండడానికి.

పేర్ల మార్పు, దళం ఏర్పాటు

పందొమ్మిదో శతాబ్దమంతటా ఈ ఉద్యోగానికి పేర్లు మారుతూనే వచ్చాయి. 1840లలో మందులు కలపడం, లెక్కలు రాయడం తెలిసిన పైమెట్టు సహాయకుడికి ‘సర్జన్స్ స్టీవార్డ్’ అనే పేరు వచ్చింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో జావకుర్రాడి పేరు పోయి ‘నర్స్’ అయింది. 1866లో స్టీవార్డును మందులు కలిపేవాడు అనే అర్థంలో ‘అపోథికరీ’ అన్నారు. 1870లలో నర్సు స్థానంలో, ఓడలో రోగులను ఉంచే ‘సిక్ బే’ అనే గది పేరు మీదుగా ‘బేమన్’ వచ్చాడు. పేరు మారినా జీతంలోనూ హోదాలోనూ పెద్ద తేడా రాలేదు, క్రమమైన శిక్షణ అన్నదీ లేదు. అంతర్యుద్ధం నాటి చెప్పుకోదగ్గ ముందడుగు వేరే దిశలో పడింది: దక్షిణాది పక్షం నుంచి 1862లో స్వాధీనం చేసుకున్న రెడ్ రోవర్ అనే ఆవిరి పడవ ఆ ఏడాది చివర అమెరికా నౌకాదళపు తొలి ఆసుపత్రి నౌక అయింది, హోలీ క్రాస్ సన్యాసినులూ, వారితో పాటు నల్లజాతి స్త్రీలూ అందులో రోగులకు సేవ చేశారు.

స్పెయిన్‌తో యుద్ధం నడుస్తుండగా 1898 జూన్ 17న అధ్యక్షుడు మెకిన్లీ సంతకం చేసిన చట్టంతో హాస్పిటల్ కోర్ ఏర్పడింది. పాత అపోథికరీలలో సీనియర్లయిన 25 మందిని ఫార్మసిస్టులుగా, అంటే వారంట్ హోదా గల ఉద్యోగులుగా నియమించి, వారి దిగువన హాస్పిటల్ స్టీవార్డు, హాస్పిటల్ అప్రెంటిస్ అనే మెట్లు ఏర్పరిచారు. 1902లో వర్జీనియాలోని నార్‌ఫోక్ నౌకాదళ ఆసుపత్రిలో శిక్షణ పాఠశాల తెరవడంతో, ఓడ ఎక్కిన తరువాత చూసి నేర్చుకునే పద్ధతి పోయి, నేర్చుకుని ఓడ ఎక్కే పద్ధతి వచ్చింది. కొత్త దళానికి తొలి పరీక్షలు యుద్ధంలోనే కాక ప్రమాదాల్లోనూ ఎదురయ్యాయి. 1905 జూలై 21న శాన్ డియాగో రేవులో ఉన్న బెనింగ్‌టన్ అనే ఓడలో బాయిలర్ పేలి 60 మందికి పైగా మరణించినప్పుడు, తానే తీవ్రంగా కాలిన హాస్పిటల్ స్టీవార్డు విలియమ్ షాక్లెట్ తోటివారిని మోసుకుని బయటికి చేర్చి, దేశపు అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ పొందాడు. 1916లో స్టీవార్డు పేరు పోయి ‘ఫార్మసిస్ట్స్ మేట్’ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధమంతా ఆ పేరుతోనే గడిచి, నేటి పేరు 1948లో స్థిరపడింది.

మెరైన్ల వెంట

ఓడల నుంచి తీరంపై దిగి పోరాడే అమెరికా మెరైన్ దళానికి సొంత వైద్య విభాగం లేదు. వైద్యులనూ దంతవైద్యులనూ సహాయకులనూ నౌకాదళమే పంపుతుంది. ఈ ఏర్పాటు వల్ల, సముద్రం మీద బతుకుదామని నావికుడిగా చేరిన యువకుడు పదాతి సైనికుల వెంట బురద కందకాల్లో తేలడం మొదటి ప్రపంచ యుద్ధం నుంచి మామూలైపోయింది. 1918 జూన్‌లో ఫ్రాన్సులోని బెలో అడవిలో మెరైన్ బ్రిగేడ్ వారాల తరబడి పోరాడినప్పుడు నౌకాదళ వైద్య సిబ్బంది తుపాకి గుళ్లతో పాటు విషవాయువునూ ఎదుర్కొన్నారు. జూన్ 6న గాయపడిన అధికారిని మోస్తూ మరణించిన దంతవైద్యుడు వీడన్ ఆస్‌బోర్న్‌కు మరణానంతరం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. జూలై 19న వియెర్జీ వద్ద జాన్ బాల్చ్ అనే ఫార్మసిస్ట్స్ మేట్ గుళ్లవానలో 16 గంటలు విరామం లేకుండా పనిచేసి అదే పతకం పొందాడు.

పసిఫిక్ మహాసముద్ర ద్వీపాల్లో 1942 నుంచి 1945 వరకు జరిగిన పోరాటాలు కోర్‌మన్ అనే మాటకు నేటి అర్థాన్ని ఇచ్చాయి. అప్పటి సహాయకుడి సంచిలో కట్లు, గాయంపై చల్లే సల్ఫా పొడి, చిన్న గొట్టాల్లో సూదితో సహా సిద్ధంగా ఉండే మార్ఫిన్, నెత్తురులోని ద్రవభాగమైన ప్లాస్మా ఎండిన రూపంలో ఉండేవి. ఎండు ప్లాస్మా ఒక సీసాలో, శుద్ధజలం మరో సీసాలో వచ్చేవి. రెండూ కలిపి, పొడి కరిగేదాకా తిప్పి, నరంలోకి సూది ఎక్కించి, సీసాను ఎత్తి పట్టుకోవాలి. ఎత్తి పట్టుకోవడమంటే, నేలకు కరుచుకుని పడుకోవలసిన చోట చేయి పైకెత్తడం. 1945 మే 2న ఒకినావాలో 18 ఏళ్ల రాబర్ట్ బుష్ గాయపడిన మెరైన్ అధికారికి ప్లాస్మా ఎక్కిస్తుండగా జపాను సైనికులు మీదికి వచ్చారు. అతడు ఒక చేత్తో సీసాను దించకుండా పట్టుకుని, మరో చేత్తో ముందు పిస్తోలూ, అందులో గుళ్లు అయిపోయాక అధికారి తుపాకీ తీసుకుని కాల్చాడు. తాను ఒక కన్ను కోల్పోయినా, ఆ అధికారిని వెనక్కి తరలించేదాకా తనకు చికిత్స ఒప్పుకోలేదు. పందొమ్మిదో పుట్టినరోజు గడిచిన మర్నాడు, 1945 అక్టోబర్ 5న, అధ్యక్షుడు ట్రూమన్ అతడికి మెడల్ ఆఫ్ ఆనర్ బహూకరించాడు.

అంతకు ముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇవో జిమా ద్వీపంలో నష్టం మరింత పెద్దది. అక్కడ సుమారు 6,800 మంది అమెరికన్లు మరణించగా వారిలో దాదాపు 200 మంది వైద్య సహాయకులు. ఫిబ్రవరి 28న జాన్ విల్లిస్ ఒక గుంటలో పడి ఉన్న మెరైన్‌కు ప్లాస్మా ఎక్కిస్తూనే, లోపలికి వచ్చి పడిన గ్రెనేడ్లను ఎనిమిదింటిని తిరిగి విసిరి, తొమ్మిదోది చేతిలోనే పేలి మరణించాడు. ఇదే ద్వీపంలో సురిబాచి కొండపై జెండా నిలబెట్టిన ప్రసిద్ధ ఛాయాచిత్రంలో జాన్ బ్రాడ్లీ అనే కోర్‌మన్ ఉన్నాడని ఏడు దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. ఆ చిత్రంలో ఉన్నది అతడు కాడనీ, అదే రోజు అంతకు ముందు నిలబెట్టిన మొదటి జెండా దగ్గర ఉన్నాడనీ 2016లో మెరైన్ దళం తేల్చింది. దీనివల్ల అతడి గౌరవానికి లోటేమీ రాదు; జెండాకు రెండు రోజుల ముందు గుళ్లవానలో పరుగెత్తి ఒక క్షతగాత్రుడిని కాపాడినందుకు నేవీ క్రాస్ పతకం పొందినవాడతడు. జనం మాత్రం అతడిని గుర్తుపెట్టుకున్నది ఆ పనికి కాదు, ఎత్తని జెండాకు.

జలాంతర్గామిలో

వైద్యుడు లేని చోట సహాయకుడే వైద్యుడు అన్న మాటకు అక్షరాలా నిదర్శనం జలాంతర్గామి. రెండో ప్రపంచ యుద్ధపు అమెరికన్ జలాంతర్గాముల్లో వైద్యాధికారి ఉండేవాడు కాదు. ఫార్మసిస్ట్స్ మేట్ ఒక్కడే ఉండేవాడు. విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలిపిన ఐ.ఎన్.ఎస్. కురుసుర లోపల నడిచి చూసినవారికి, దాదాపు అంతే పొడవున్న ఆ నౌకల్లో మనుషులు ఒకరినొకరు ఒరుసుకుంటూ ఎలా బతికారో చెప్పనక్కరలేదు.

1942 సెప్టెంబర్‌లో దక్షిణ చైనా సముద్రంలో గస్తీ తిరుగుతున్న సీడ్రాగన్ జలాంతర్గామిలో డారెల్ డీన్ రెక్టర్ అనే యువ నావికుడికి కడుపులో కుడివైపు తీవ్రమైన నొప్పి పట్టుకుంది. తెలుగునాట ఇరవైనాలుగు గంటల నొప్పి అని పిలిచే ఉండుకపు వాపు అది. లోపల పగిలితే చీము కడుపంతా వ్యాపించి ప్రాణం పోతుంది. పెన్సిలిన్ ఇంకా సైన్యాలకు అందని రోజులవి, నౌక ఉన్నది శత్రుజలాల్లో. ఫార్మసిస్ట్స్ మేట్ వీలర్ లైప్స్ అంతకు ముందు నౌకాదళ ఆసుపత్రిలో ఇలాంటి శస్త్రచికిత్సలకు పక్కన నిలిచి సాయపడ్డాడే కాని కత్తి పట్టినవాడు కాడు. చేయగలవా అని కెప్టెన్ అడిగాడు. రెక్టర్ కూడా ఒప్పుకున్న తరువాత, అలల కుదుపు తగలకుండా నౌకను 120 అడుగుల లోతుకు దించి, అధికారులు భోజనం చేసే బల్లపై రోగిని పడుకోబెట్టారు.

పనిముట్లు ఏవీ సరిగా లేవు. కోసిన కండరాలను పక్కకు లాగి పట్టడానికి వంటగది చెంచాలను వంచి వాడారు. బ్లేడు ఉంది గాని దానికి పిడి లేకపోవడంతో నెత్తురు ఆపే పట్టకారుకు బిగించి కత్తిగా మార్చారు. టీ వడకట్టే జాలికి గాజుగుడ్డ చుట్టి, ఈథర్ అనే మత్తుమందు పీల్పించే ముసుగుగా చేశారు. శుభ్రపరచడానికి టార్పెడోల్లో ఇంధనంగా వాడే ఆల్కహాలు, గాయంలో చల్లడానికి సల్ఫా మాత్రలను నూరిన పొడి. మత్తు ఇచ్చినవాడు సమాచార విభాగపు అధికారి. ఉండుకం దొరకడానికే చాలాసేపు వెతకవలసి వచ్చి, రెండు గంటలకు పైగా సాగిన ఆ చికిత్స తరువాత రెక్టర్ 13 రోజుల్లో తిరిగి విధుల్లో చేరాడు. షికాగో డైలీ న్యూస్ విలేకరి జార్జ్ వెల్లర్ ఈ ఉదంతాన్ని రాసి 1943లో పులిట్జర్ బహుమతి పొందాడు. నౌకాదళపు వైద్య పెద్దలకు మాత్రం ఇది రుచించలేదు. ఆ యుద్ధంలోనే గ్రేబ్యాక్, సిల్వర్‌సైడ్స్ జలాంతర్గాముల్లో కూడా సహాయకులు ఉండుకాన్ని కోసి తీయడంతో, ఇది ఆనవాయితీగా మారితే ప్రాణాలు పోతాయన్న భయంతో, కత్తి పట్టకుండా ఉపవాసంతో, మంచుగడ్డలతో, సల్ఫా మందులతో నెట్టుకురమ్మని ఆదేశాలు వచ్చాయి. వైద్యశాస్త్రం ప్రకారం చూస్తే ఆ భయం న్యాయమైనదే; మూడు విజయాలు మూడు అదృష్టాలు కావచ్చు. ప్రాణం పోసినవాడిని మెచ్చుకోవడానికి మాత్రం ఆ భయం అడ్డుకావలసిన పని లేదు.

ఎర్ర శిలువ, ఆయుధం

1859 జూన్‌లో ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధభూమిలో దిక్కులేక పడి ఉన్న వేలాది క్షతగాత్రులను చూసిన స్విట్జర్లాండ్ వర్తకుడు హెన్రీ డ్యూనాంట్ పూనికతో 1864లో మొదటి జెనీవా ఒడంబడిక కుదిరింది. నేలమీది సైన్యాలకు వర్తించిన ఆ సూత్రాలను 1899లో హేగ్ సమావేశం సముద్రానికి విస్తరించగా, 1949 నాటి రెండో జెనీవా ఒడంబడిక గాయపడినవారితో, జబ్బుపడినవారితో పాటు ఓడ మునిగి నీటిపాలైనవారికీ రక్షణ కల్పించింది. తెల్లరంగు పూసి ఎర్ర శిలువలు వేసి, రాత్రిళ్లు దీపాలతో వెలిగే ఆసుపత్రి నౌకపై దాడి చేయరాదన్నది నియమం. నియమం ఉన్నా 1943 మే 14న క్వీన్స్‌లాండ్ తీరానికి దగ్గరలో ఆస్ట్రేలియా ఆసుపత్రి నౌక సెంటార్‌ను జపాను జలాంతర్గామి టార్పెడోతో ముంచినప్పుడు అందులోని 332 మందిలో 268 మంది మరణించారు. 12 మంది నర్సులలో ఎలెన్ సావేజ్ ఒక్కరే మిగిలారు.

వైద్య సిబ్బంది తమనూ తమ రోగులనూ కాపాడుకునేంత మేరకు చిన్న ఆయుధాలు ధరించడాన్ని ఒడంబడిక అనుమతిస్తుంది, ఆ మేరకు ఒకినావాలో రాబర్ట్ బుష్ కాల్పులు నియమబద్ధమే. పసిఫిక్ ద్వీపాల్లో భుజానికి కట్టిన ఎర్ర శిలువ పట్టీ రక్షణ కావడానికి బదులు గురిపెట్టడానికి గుర్తు కావడంతో సహాయకులు దానిని తీసేశారు, తుపాకి పట్టారు, చూపుకు మిగతా సైనికుల్లో ఒకరయ్యారు. 1948లో పేరు మారినప్పుడు వారి చొక్కా చేతిపైని శిలువ కూడా పోయి, రెక్కలున్న కర్రను రెండు పాములు చుట్టుకున్న చిహ్నం వచ్చింది.

కొరియా, వియత్నాం

కొరియా యుద్ధంలో అయిదుగురు కోర్‌మన్లకు మెడల్ ఆఫ్ ఆనర్ దక్కగా నలుగురికి అది మరణానంతరమే. బతికి అందుకున్న విలియమ్ షరెట్ 1953 మార్చి 27న పక్కనే గ్రెనేడ్ పడినప్పుడు తాను చికిత్స చేస్తున్న సైనికుడిపై బోర్లా పడి అడ్డుకున్నాడు, పేలుడుకు వైద్యసంచి పోతే తన దుస్తులు చింపి కట్లు కట్టాడు. 1958 మే 26న కాన్‌బెరా యుద్ధనౌకపై రెండు శవపేటికల్లో ఒకదానిని ఎంచి, రెండో ప్రపంచ యుద్ధపు అజ్ఞాత సైనికుడిగా ఆర్లింగ్‌టన్ సమాధికి పంపే బాధ్యతను అతడికే అప్పగించారు. అదే కొరియా యుద్ధానికి భారతదేశం సైన్యాన్ని పంపక 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అనే వైద్య దళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో అందులోని ఒక చిన్న జట్టు 1951 మార్చి 23న మున్సాన్ వద్ద అమెరికన్ సైనికులతో పాటు విమానాల నుంచి దూకి క్షతగాత్రులకు సేవ చేసింది. రంగరాజ్‌కు మహావీర చక్ర లభించింది.

వియత్నాంలో హెలికాప్టర్ రాకతో, గాయపడిన మనిషిని గంటలోపే శస్త్రచికిత్సకు చేర్చడం చాలాచోట్ల వీలైంది. తీరానికి కొద్ది దూరంలో రిపోజ్, సాంక్చురీ అనే ఆసుపత్రి నౌకలు లంగరు వేసి ఉండేవి. హెలికాప్టర్ వచ్చేదాకా మనిషిని నిలబెట్టే భారం మాత్రం మునుపటిలాగే కోర్‌మన్‌దే, ఆ యుద్ధంలో ఆరు వందలకు పైగా కోర్‌మన్లు మరణించారు. 1966 మార్చి 28న నాలుగు గుళ్లు తగిలినా చికిత్స ఆపని రాబర్ట్ ఇంగ్రామ్ సిఫారసు కాగితాలు ఎక్కడో పోవడంతో, అతడికి మెడల్ ఆఫ్ ఆనర్ 1998లో గాని అందలేదు.

నెత్తురు ఆపడం

ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలు వచ్చేసరికి కోర్‌మన్ పని క్రమమే మారింది. చేయికో కాలికో గాయం పైభాగాన బిగించి రక్తప్రవాహాన్ని ఆపే పట్టీని టూర్నికెట్ అంటారు. ఎక్కువసేపు ఉంచితే అవయవం చచ్చుబడుతుందన్న భయంతో దశాబ్దాల పాటు దానిని చిట్టచివరి ఉపాయంగానే నేర్పారు. 1996లో నౌకాదళ వైద్యుడు ఫ్రాంక్ బట్లర్, ఆయన సహచరులు ప్రతిపాదించిన కొత్త విధానం ఈ వరుసను తలకిందులు చేసింది. కాల్పులు జరుగుతుండగా చేయగల చికిత్స ఒకటి, కొంత చాటు దొరికాక చేసేది మరొకటి, తరలింపులో చేసేది ఇంకొకటి అని విడదీసి, మొదటి దశలో టూర్నికెట్ బిగించడం తప్ప దాదాపు మరేమీ చేయవద్దన్నది దాని సారం. నెత్తురు చిమ్మే తొడకు మూడు నిమిషాలే గడువు ఉండవచ్చు, టూర్నికెట్ పట్టీకి గంటలు ఉంటాయి.

పట్టీని గాయానికి రెండు మూడు అంగుళాల ఎగువన చుట్టి, దానిలోని చిన్న కడ్డీని నెత్తురు ఆగేదాకా మెలిపెట్టి, కొక్కేనికి తగిలించి, బిగించిన సమయాన్ని రాయాలి. సరిగా బిగిస్తే నొప్పికి గాయపడినవాడు కేకలు పెడతాడు, కేక విని వదులు చేయకూడదని శిక్షణలో పదేపదే చెబుతారు. పట్టీ వేయడానికి వీలులేని గజ్జలోనో చంకలోనో గాయమైతే, నెత్తురు త్వరగా గడ్డకట్టేలా చేసే కేయోలిన్ అనే తెల్లమట్టి పట్టించిన గాజుగుడ్డను లోపలిదాకా కూరి కనీసం మూడు నిమిషాలు అదిమి పట్టాలి. ఛాతీలో గుండు దిగి, గాలి బయటికి పోలేక ఊపిరితిత్తిని నొక్కేస్తుంటే పక్కటెముకల సందులోంచి పొడవాటి సూది గుచ్చి గాలి వదలాలి. ఒకప్పుడు వైద్యులకే పరిమితమైన ఈ పనులు ఇప్పుడు ఇరవయ్యేళ్ల నావికుడి రోజువారీ అభ్యాసం.

ఈ మార్పు ఎంత అవసరమో తరువాతి లెక్కలు బయటపెట్టాయి. 2001 నుంచి 2011 వరకు రణరంగంలో జరిగిన 4,596 అమెరికన్ సైనిక మరణాలను పరిశీలించిన అధ్యయనం 2012లో వెలువడింది; చనిపోయినవారిలో 87 శాతం మంది ఏ ఆసుపత్రికీ చేరకముందే ప్రాణం విడిచారనీ, అలా విడిచినవారిలో దాదాపు నాలుగో వంతు మందిని బతికించే వీలు ఉండేదనీ, ఆ నాలుగో వంతులో పదింట తొమ్మిది మరణాలకు రక్తస్రావమే కారణమనీ అది తేల్చింది. ఆసుపత్రి ఎంత గొప్పదైనా దాని గడప దాకా మనిషిని తెచ్చేవాడే అసలు వైద్యుడన్న మాట ఈ అంకెలతో శాస్త్రసమ్మతమైంది.

నేటి సేవ

2005లో దంతవైద్య సహాయకుల విభాగం కూడా కలిసిపోయాక కోర్‌మన్లది అమెరికా నౌకాదళంలోని అతిపెద్ద ఉద్యోగ విభాగాలలో ఒకటైంది. 2011 నుంచి వారి తొలి శిక్షణ టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో, సైన్యం, వైమానిక దళం సహాయకులు కూడా నేర్చుకునే చోట జరుగుతుంది. మెరైన్ల వెంట వెళ్లేవారికి అదనంగా క్షేత్ర వైద్య శిక్షణ ఉంటుంది. జలాంతర్గాముల్లోనూ చిన్న ఓడల్లోనూ వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఒంటరిగా పనిచేసేవారు వేరే పాఠ్యక్రమం పూర్తిచేయాలి. ఉండుకం నొప్పి వస్తే వారు నేటికీ కోత పెట్టరు, యాంటీబయాటిక్ మందులతో నిలబెట్టి తరలింపు కోసం చూస్తారు.

భారత నౌకాదళంలో ఇదే బాధ్యతను మెడికల్ అసిస్టెంట్లనే నావికులు నిర్వహిస్తారు; వైద్యాధికారులు త్రివిధ దళాలకూ ఉమ్మడిగా ఉన్న సాయుధ దళాల వైద్య సేవల నుంచి వస్తారు. ముంబయిలోని అశ్విని, తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రమైన విశాఖపట్నంలోని కల్యాణి ఈ నౌకాదళపు ప్రధాన ఆసుపత్రుల్లో ఉన్నాయి. 2004 డిసెంబర్ సునామీ తరువాత సముద్ర సర్వే నౌక నిరూపక్‌ను ఆసుపత్రి నౌకగా మార్చి ఇండోనేషియాకు పంపారు.

గుర్తింపు

1898 తరువాత హాస్పిటల్ కోర్‌కు చెందిన 22 మంది మెడల్ ఆఫ్ ఆనర్ పొందారు. వారిలో పలువురి పేర్లు యుద్ధనౌకలకు పెట్టారు. ఈ పతకాలలో అత్యధికం గుళ్లవానలో చూపిన తెగువకు వచ్చినవి. వైద్య నైపుణ్యానికి, నిబ్బరానికి అలాంటి గుర్తింపు అరుదు. సీడ్రాగన్ బల్లపై బతికి బయటపడిన రెక్టర్ తరువాత టాంగ్ అనే మరో జలాంతర్గామికి మారి, 1944 అక్టోబర్‌లో అది ప్రయోగించిన టార్పెడోయే వెనక్కి తిరిగి వచ్చి దానిని ముంచినప్పుడు మరణించాడు. అతడికి ఆపరేషన్ చేసిన వీలర్ లైప్స్‌కు ఆ పనికి గాను నౌకాదళం ప్రశంసా పతకం ఇచ్చింది 2005లో, అంటే 62 ఏళ్ల తరువాత. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశాడు.